వాటర్ ప్లాంటు ఇస్తామంటున్నారు, బదులుగా ఒక లెటర్ అడుగుతున్నారు. సంతకం పెట్టాలా?

ప్రశ్న: గాజువాక సెక్రటరీ

అందరికీ నమస్కారం. గాజువాక వైపు ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీని. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. ఇంట్లో ఖాళీగానే ఉన్నారు కదా మేడమ్ అని ఈ పదవి నా నెత్తిన పెట్టారు. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా బిల్డింగ్ వెనక రైలు పట్టాలు దాటితే ఒక కంపెనీ యార్డు ఉంది. పేరు రాయను, దయచేసి మీరూ ఊహించి రాయకండి. బొగ్గుతో పాటు ఇంకేవో ఖనిజాలు కూడా అక్కడ కుప్పలు పోస్తారు. గూడ్సు బండి ఖాళీ చేసే రోజున, మధ్యాహ్నం సముద్రం గాలి మొదలైందంటే ఆ పొడి అంతా మా మేడ మీదే. పై అంతస్తు వాళ్ళు వడియాలు పెట్టడం ఎప్పుడో మానేశారు. కిటికీ గ్రిల్ పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ వేలు నల్లబడుతుంది. మొన్న ఏసీ సర్వీసుకొచ్చిన అబ్బాయి ఫిల్టర్ ఊడదీసి, "మేడమ్, ఇది బెడ్‌రూమ్‌దా, వంటింటి చిమ్నీదా?" అన్నాడు. రెండో అంతస్తులో ఒక పాపకి తరచూ నెబ్యులైజర్ పెడుతున్నారు. దానికి ఈ దుమ్మే కారణమని నేను అనలేను, వాళ్ళ డాక్టరు కూడా అలా అనలేదు. కానీ ఆ తల్లి టెన్షన్ రోజూ లిఫ్టులో చూస్తూనే ఉన్నాను.

కంప్లయింట్లు చేశాం. వాట్సాప్‌లో ఫోటోలు పంపాం. ఒకసారి ఎవరో వచ్చి మేడ ఎక్కి చూసి, రాసుకుని వెళ్ళారు. ఆ తర్వాత ఏ కబురూ లేదు.

ఇప్పుడు అసలు విషయం. పోయిన వారం కంపెనీ సీఎస్ఆర్ విభాగం, అంటే లాభంలో కొంత సమాజం పనులకి ఖర్చు పెట్టే విభాగం, నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు, నోరారా "అమ్మా" అని పిలిచాడు. మాకూ, పక్క బస్తీకీ కలిపి ఒక ఆర్వో వాటర్ ప్లాంటు కట్టిస్తారట, కళ్ళ పరీక్షల క్యాంపు కూడా పెడతారట. మార్చిలోగా ప్రారంభోత్సవం అయిపోవాలట. దానికి అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఒక "అభినందన పత్రం" కావాలన్నాడు. మాకు శ్రమ లేకుండా టైపు చేయించి తెచ్చాడు కూడా.

మొదటి పేరాలో ధన్యవాదాలు. రెండో పేరాలో ప్లాంటు ఎంతమందికి ఉపయోగపడుతుందో రాశారు. అంతవరకు బాగానే ఉంది. మూడో పేరా ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

"కంపెనీ కార్యకలాపాల వల్ల మా నివాస ప్రాంతంలో ఎటువంటి కాలుష్య సమస్య లేదని, కంపెనీ చేపట్టబోయే విస్తరణకు మా పూర్తి సహకారం ఉంటుందని ఇందుమూలముగా తెలియజేయుచున్నాము."

ముప్పై ఏళ్ళ పైన లోన్ కాగితాలు చదివిన కళ్ళు ఇవి. చివరి పేరాలోనే ఏదో ఉంటుందని తెలుసు. పేపరు తిరగేస్తే, ఆ కంపెనీ విస్తరణ మీద వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ అని ప్రకటన కనిపించింది.

మా ప్రెసిడెంటు గారు "ఊరికే వచ్చేదాన్ని ఎవరైనా కాదంటారా, పెట్టెయ్యండి" అంటున్నారు. కొందరు అసలు ప్లాంటే వద్దంటున్నారు. మా బ్లాకులో కొన్ని ఇళ్ళవాళ్ళకి ఆ కంపెనీలోనే ఉద్యోగాలు, వాళ్ళు ఏమీ మాట్లాడటం లేదు. ప్లాంటు తీసుకుని లెటర్ ఇవ్వకుండా ఉండొచ్చా? ఇస్తే నష్టమేమిటి? దుమ్ము సంగతి అసలు ఎవర్ని ఏమని అడగాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: మల్కాపురం వాసి

తీసుకోండి మేడమ్, ఇంత ఆలోచన ఎందుకు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో మంటలు లేచినప్పుడు అమ్మ మమ్మల్ని ఎత్తుకుని పరిగెత్తింది. 60 మంది దాకా పోయారు ఆ రోజు. ఆ తర్వాత కూడా కంపెనీలు ఇక్కడే ఉన్నాయి, మేమూ ఇక్కడే ఉన్నాం. మా ఇంట్లో ఇద్దరికి అన్నం పెట్టేది కూడా ఆ కంపెనీలే.

ఒక్క లెటర్ ఇచ్చినంత మాత్రాన కొంపలేం మునగవు. అలాంటి లెటర్లు వాళ్ళ దగ్గర గంపలకొద్దీ ఉంటాయి, ఎవడు చదువుతాడు? ప్లాంటు పెట్టించుకోండి, రేపు దుమ్ము గురించి పోట్లాడండి. లెటర్ ఇవ్వనని కూర్చుంటే ప్లాంటు పక్క కాలనీకి పోతుంది, దుమ్ము మాత్రం మీకే మిగులుతుంది. మా వీధిలో అదే జరిగింది.

జవాబు: పాత ఎన్విరాన్‌మెంట్ సెల్

మల్కాపురం తమ్ముడు చెప్పినదాంట్లో సగం నాకూ సమ్మతమే. ప్లాంటు తీసుకోవడంలో తప్పు లేదు. మిగతా సగం మాత్రం ఒప్పుకోను. ఆ లెటర్ చదివేవాళ్ళు ఉంటారు. ఈ ఊళ్ళోనే ఒక ఫ్యాక్టరీ ఎన్విరాన్‌మెంట్ సెల్‌లో చేసి రిటైరయ్యాను. అలాంటి లెటర్లను పంచ్ చేసి ఫైల్లో పెట్టే పని నాదే, కాబట్టి అవి ఎక్కడికి వెళ్తాయో తెలుసు.

రెండు చోట్లకు వెళ్తాయి. ఒకటి, విస్తరణ ఫైలు. స్థానికుల మద్దతు ఉంది అనడానికి జత చేస్తారు. రెండోది మీకు తర్వాత తగులుతుంది. రేపు మీరు దుమ్ము మీద ఫిర్యాదు చేస్తే పొల్యూషన్ బోర్డు కంపెనీని వివరణ అడుగుతుంది కదా, ఆ వివరణకి మొదటి జతపత్రం మీ లెటరే. "ఫిర్యాదుదారులే ఫలానా తేదీన సమస్య లేదని రాతపూర్వకంగా ఇచ్చారు" అని ఒక్క వాక్యం రాస్తారు. మీరు అప్పుడు ఎన్ని ఫోటోలు పెట్టినా, ముందు మీ సంతకానికి మీరే జవాబు చెప్పుకోవాలి.

అందుకని మొదటి రెండు పేరాలు ఉంచి మూడోది కొట్టేయండి. సీఎస్ఆర్ అబ్బాయి మీద కోపం పెట్టుకోకండి. అతనికి ఫార్మాట్ పైనుంచి వస్తుంది.

ఇక ప్రజాభిప్రాయ సేకరణ. చాలామంది దీన్ని ఓటింగ్ అనుకుంటారు, అందుకే కంపెనీ బస్సుల్లో జనాన్ని తెస్తుంది, వ్యతిరేకించేవాళ్ళు కుర్చీలు ఎత్తుతారు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం అక్కడ ఓటు లేదు, కోరం కూడా లేదు. పదిమంది వచ్చినా సభ సభే. కలెక్టరు గానీ ఆయన తరఫు అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు, నిర్వహించేది పొల్యూషన్ బోర్డు. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో ఎవరు ఏమన్నారో స్థానిక భాషలో చదివి వినిపించి, అదే రోజు సంతకం చేయాలి. పర్మిషన్ ఇచ్చే కమిటీ ముందుకు వెళ్ళేది ఆ మినిట్స్, దానికి కంపెనీ రాసిన జవాబులు. అరుపులు అందులో "కొందరు అభ్యంతరం తెలిపారు" అన్న ముక్కగా మారిపోతాయి. "కన్వేయర్‌కి పైకప్పు ఎప్పటిలోగా వేస్తారు?" అని అడిగితే మాత్రం ప్రశ్న ప్రశ్నలాగే రికార్డవుతుంది, దానికి వాళ్ళు జవాబు రాసి తీరాలి.

అడగడానికి ముందు మీ చేతిలో కాగితాలు ఉండాలి. మీరు బ్యాంకు మనిషి కాబట్టి ఈ భాగం మీకు బాగా నచ్చుతుంది.

ఏ ఫ్యాక్టరీకైనా బోర్డు ఇచ్చే నడుపుకునే అనుమతిని మనవాళ్ళు సీఎఫ్‌వో అంటారు. అందులో షరతుల చిట్టా ఉంటుంది. కుప్ప ఎంత ఎత్తు దాటకూడదు, ఎప్పుడెప్పుడు నీళ్ళు కొట్టాలి, టార్పాలిన్ ఎక్కడ కప్పాలి, లారీ బయటికి వెళ్ళేముందు చక్రాలు కడగాలా, మొక్కల బెల్టు ఎంత వెడల్పు... యార్డును బట్టి మారుతుంది. గాలి చట్టం, అంటే 1981 నాటి ఎయిర్ యాక్ట్, 51వ సెక్షన్ ప్రకారం ఈ అనుమతుల వివరాలు, ఉద్గారాల పరిమితులు ఉన్న రిజిస్టరు ఒకటి బోర్డు నిర్వహించాలి. ఆ దుమ్ము తగిలే ఎవరైనా ఆఫీసు వేళల్లో వెళ్ళి దాన్ని చూడొచ్చు. ఈ సంగతి చెబితే కౌంటర్లో ఉన్నవాళ్ళే ఆశ్చర్యపోతారు, ఎవరూ అడగరు కాబట్టి. మాధవధారలో బోర్డు రీజనల్ ఆఫీసు ఉంది. అక్కడ మొదలుపెట్టండి. షరతులతో సహా పూర్తి కాపీ కావాలంటే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. మీ హియరింగ్ వచ్చే నెల అంటున్నారు, కాబట్టి ఈ దరఖాస్తు రేపే పడాలి.

ఇది కాక, పర్యావరణ అనుమతి ఉన్న ప్రాజెక్టు ఏడాదికి రెండుసార్లు, జూన్ 1కి, డిసెంబరు 1కి, షరతులు ఎంతవరకు అమలు చేశారో రిపోర్టు ఇవ్వాలి. 2006 నోటిఫికేషన్లోనే ఉంది, ఇది పబ్లిక్ డాక్యుమెంటు. ఎవరు అడిగినా కాపీ ఇవ్వాలి. తెచ్చుకుని, చేతిలో పెన్ను పట్టుకుని మేడ మీదికి వెళ్ళి చదవండి. "కుప్పలన్నీ కప్పి ఉంచుతున్నాం" అని రాసి ఉంటే తలెత్తి చూడండి. కప్పి లేకపోతే తేదీ కనిపించేలా ఫోటో తీసి ఆ లైను పక్కన అంటించండి. ఇదే మీ అసలు ఆయుధం. విస్తరణకి అనుమతి అడిగేటప్పుడు పాత షరతుల అమలు మీద కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయం ధ్రువీకరించిన రిపోర్టు కూడా కావాలి. మనకి ఆ ఆఫీసు విజయవాడలో ఉంది. మీ ఫోటోల కట్ట ఒకటి అక్కడికీ పంపండి.

ఈ రిపోర్టుల్లో ఏం రాస్తారో నాకు తెలుసు కాబట్టి ఒక ముక్క చెప్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఊళ్ళో చెట్లన్నీ పడగొట్టింది కదా. మా ఫ్యాక్టరీ గ్రీన్‌బెల్టు కూడా నేలమట్టమైంది. కాగితం మీద మాత్రం ఆ తర్వాత చాలాకాలం ఒక్క చెట్టు కూడా పడలేదు. పాత పేరా కాపీ, కొత్త తేదీ.

ఇప్పుడు దుమ్ము కొలత. దీని దగ్గరే జనం బోల్తా పడతారు. మీ ఫోన్లో కనిపించే ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, రామ్‌నగర్ జీవీఎంసీ ఆఫీసు దగ్గరి స్టేషన్‌దైతే, అది గాజువాకలో మీ మేడ సంగతి చెప్పదు. సరే, బోర్డు వాళ్ళు మీ మేడ మీదే మిషన్ పెట్టారనుకోండి. వాళ్ళు కొలిచేది పీఎం10, పీఎం2.5, అంటే 10 మైక్రాన్ల లోపు, 2.5 మైక్రాన్ల లోపు ఉండే సన్న ధూళి. 2009 ప్రమాణాల ప్రకారం 24 గంటల సగటు పీఎం10 క్యూబిక్ మీటరుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదు. మీ గ్రిల్ మీద కళ్ళకి కనిపించే నల్ల నలుసులు చాలావరకు 10 మైక్రాన్ల కంటే లావుగా ఉంటాయి. అవి గాల్లో ఎక్కువసేపు నిలవవు, రాలిపోతాయి. అంటే పీఎం10 రీడింగ్ పరిమితిలోనే రావచ్చు, మేడ మాత్రం నల్లగానే ఉండొచ్చు. రెండూ నిజమే. అప్పుడు కంపెనీవాళ్ళు రిపోర్టు చూపించి మీ నోరు మూయిస్తారు. కాబట్టి రాలే దుమ్మును కూడా కొలవమని రాతపూర్వకంగా అడగండి. దాన్ని డస్ట్‌ఫాల్ అంటారు. వెడల్పు మూతి జాడీ ఒకటి మేడ మీద నెల రోజులు ఉంచి, అందులో పడింది తూకం వేస్తారు. దీనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 5182లో పద్ధతి ఉంది. జాతీయ గాలి ప్రమాణాల్లో ఉన్న 12 కాలుష్యకారకాల్లో ఇది లేదు, కాబట్టి పరిమితి దాటింది అని వాదించలేరు. కానీ నెల రోజులు ఉంచే జాడీకి ఒక సుగుణం ఉంది. 24 గంటల మిషన్ పెట్టే రోజున యార్డులో నీళ్ళు చిమ్మే రెయిన్ గన్నులు పొద్దుటి నుంచి ఆగకుండా తిరుగుతాయి, ఆ దృశ్యం నేను లోపలి నుంచే చూసేవాణ్ణి. నెలంతా ఎవరూ నీళ్ళు కొడుతూ కూర్చోలేరు.

ఇంట్లో చేసుకునే పని ఒకటి ఉంది. గ్రిల్ మీది పొడి తెల్ల కాగితం మీద దులిపి, కింద అయస్కాంతం పెట్టి కదపండి. ఇనుప రజను ఉంటే కొంత దానితో పాటు జరుగుతుంది. బొగ్గుపొడి కదలదు. కదలనిదంతా బొగ్గే అనుకోకండి. రోడ్డు మట్టి, టైరు పొడి, కొన్ని రకాల ముడి ఖనిజాలు కూడా కదలవు. కోర్టులో ఇది పనికిరాదు. కానీ మీ చుట్టూ ఒకటి కంటే ఎక్కువ యార్డులు ఉంటే, ఎవర్ని ముందు అడగాలో కాస్త తెలుస్తుంది. లేకపోతే "అది మాది కాదు మేడమ్, పక్కవాళ్ళది" అన్న జవాబు ఖాయం.

మల్కాపురం తమ్ముడు 1997 గుర్తుచేశాడు. నేను 2020 గుర్తుచేస్తాను. మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకై 12 మంది చనిపోయారు. తర్వాత బయటపడిన కాగితాల్లో ఒకటి ఆ కంపెనీ అంతకు ముందు ఏడాదే ఇచ్చుకున్న అఫిడవిట్. చేస్తున్న ఉత్పత్తికి తగిన పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని అందులో వాళ్ళే ఒప్పుకున్నారు. ఆ కాగితం ప్రభుత్వ ఫైల్లో ఉండగానే ఫ్యాక్టరీ నడిచింది. గేటు బయట ఉన్నవాళ్ళెవరూ అప్పటికి దాన్ని చూడలేదు. ముందే అడిగి ఉంటే లీకు ఆగేదని నేను అనను. నలుగురు చదివిన కాగితాన్ని ఫైల్లో తొక్కిపెట్టడం అంత సులువు కాదు, అంతవరకే.

జవాబు: పేరు వద్దు

నేను అలాంటి కంపెనీలోనే కాంట్రాక్టు లేబర్‌ని. మేడమ్ గారికి ఒక్క మనవి. లెటర్ ఇచ్చినా, కంప్లయింట్ రాసినా ఇంటింటికీ తిరిగి సంతకాలు పట్టకండి. లిస్టులో పేరు కనిపిస్తే మా మేస్త్రీ మర్నాడు గేట్ పాస్ ఆపేస్తాడు, కారణం కూడా చెప్పడు. పోనీ సంతకం పెట్టకపోతే అపార్ట్‌మెంట్లో అందరూ మమ్మల్ని కంపెనీ మనుషులు అంటారు. ఎటైనా మాకే కష్టం. దుమ్ము మా పిల్లలకీ అంతే పడుతుంది. మేం యార్డులో పని చేసేది కూడా ఆ దుమ్ములోనే, మాకు ఇచ్చే మాస్కు మొదటి వారంలోనే తాడు తెగిపోతుంది.

జవాబు: లెక్కలు చూసేవాణ్ణి

ఆడిట్ వైపు నుంచి రెండు మాటలు.

సీఎస్ఆర్ డబ్బు దయతో ఇచ్చేది కాదు, 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్. నెట్‌వర్త్ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా, గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెప్తుంది. ఖర్చు కాకుండా మిగిలితే, కొనసాగే ప్రాజెక్టుదైతే ప్రత్యేక ఖాతాలోకి, కాకపోతే చట్టం చెప్పిన నిధుల్లోకి బదిలీ చేయాలి. ఎందుకు చేయలేకపోయామో వార్షిక నివేదికలో రాసుకోవాలి. అందుకే ఆ "మార్చిలోగా". తొందర మీకంటే వాళ్ళకే ఎక్కువ, మేడమ్. మూడో పేరా తీసేశారని ప్లాంటు వెనక్కి తీసుకుపోవడం వాళ్ళకీ అంత తేలిక కాదు.

రెండోది ముఖ్యమైంది. 2021లో సవరించిన సీఎస్ఆర్ రూల్స్ ప్రకారం, వేరే ఏ చట్టం కిందైనా తప్పనిసరిగా చేయాల్సిన పనిని సీఎస్ఆర్‌లో చూపించకూడదు. పైన పెద్దాయన చెప్పిన షరతుల్లో మొక్కలు, నీళ్ళు కొట్టడం, టార్పాలిన్లు ఉంటే, అవి కంపెనీ తన వ్యాపార ఖర్చుతో చేసుకోవాల్సినవే. సీఎస్ఆర్ రిపోర్టులో "హరిత వనం" అని కనిపిస్తే, అది అనుమతి షరతులో ఉన్న గ్రీన్‌బెల్టేనేమో పోల్చి చూడండి. సీఎస్ఆర్ వివరాలు వెబ్‌సైట్లో పెట్టాలి, కాబట్టి వెతకడం కష్టం కాదు. లిస్టెడ్ కంపెనీ అయి, మార్కెట్ విలువలో మొదటి 1,000లో ఉంటే సెబీకి ఇచ్చే బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) రిపోర్టు కూడా చదవండి. చుట్టుపక్కల ప్రజల నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో అందులో రాయాలి. సున్నా అని రాసి ఉంటే, మీ వాట్సాప్ ఫోటోలు ఫిర్యాదుగా ఎక్కనట్టే. ఇకనుంచి కాగితం మీద ఇచ్చి, రసీదు తీసుకోండి.

ఆర్వో ప్లాంటు తీసుకునేముందు ఇంకొకటి. మెంబ్రేన్లు, కరెంటు బిల్లు, ఆపరేటరు జీతం ఎవరిది? ప్లాంటు బయటికి వదిలేసే రిజెక్ట్ నీళ్ళు ఏ కాలవలోకి? నేను ఆడిట్‌కి వెళ్ళిన ఊళ్ళలో రిబ్బన్ ముక్క ఇంకా వేలాడుతూ, తాళం తుప్పు పట్టిన ప్లాంట్లు చూశాను. కనీసం కొన్నేళ్ళ నిర్వహణ కంపెనీదే అని ఒప్పందం రాయించుకోండి. మీ బోరు నీళ్ళు ముందు పరీక్ష చేయించండి. టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపే ఉంటే, తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఉప్పదనం కోసం ఆర్వో అవసరమే లేదు. అప్పుడు ప్లాంటు బదులు ఇంకేదైనా అడగొచ్చు, నెబ్యులైజర్లు ఉన్న క్లినిక్కు లాంటిది.

గాజువాక సెక్రటరీ

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి కమిటీ కూర్చుంది. పేరు వద్దు అన్న తమ్ముడూ, నీ మాట ముందు చదివి వినిపించాను. ఇంటింటి సంతకాలు లేవు. కమిటీ తీర్మానం, కింద ప్రెసిడెంటు గారి సంతకం, నా సంతకం. అంతే. ఆ తర్వాత మా బ్లాకులో కంపెనీ ఉద్యోగులు కూడా కాస్త నోరు విప్పారు. ఒకాయన, నీళ్ళ ట్యాంకరు డీజిల్ బిల్లు మీద పై ఆఫీసరు కోత పెట్టినప్పటి నుంచే దుమ్ము ఎక్కువైందన్నారు. ఎంతవరకు నిజమో నాకు తెలియదు, కానీ అడగాల్సిన ప్రశ్నే.

సీఎస్ఆర్ అబ్బాయికి మూడో పేరా లేని లెటర్ ఇచ్చాను. చదివి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పైన అడిగి చెప్తానమ్మా" అన్నాడు. టీ తాగి వెళ్ళాడు. ప్రెసిడెంటు గారికి ఇంకా కోపంగానే ఉంది, ప్లాంటు రాకపోతే మొత్తం నా తప్పే అవుతుంది. అవనీండి.

బోర్డు ఆఫీసుకి సోమవారం వెళ్తాను. ఒక సందేహం మిగిలింది. హియరింగ్‌లో నేను మైకు ముందు మాట్లాడలేను, నాలుగు వరుసల జనం ఉంటే గొంతు వణుకుతుంది. రాసి ఇస్తే సరిపోతుందా? ఇంగ్లీషులోనే ఉండాలా?

పాత ఎన్విరాన్‌మెంట్ సెల్

రాసి ఇస్తే సరిపోతుంది, తెలుగులో ఇవ్వండి. హియరింగ్ రోజు దాకా ఆగక్కర్లేదు, ముందే బోర్డు ఆఫీసులో ఇచ్చి రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. మొత్తం ఒక్క పేజీ దాటనివ్వకండి. ఇలా రాయండి, మీ షరతుల కాపీ చేతికి వచ్చాక నంబర్లు నింపుకోండి:

"మేము విస్తరణకు అనుకూలమో వ్యతిరేకమో ఈ లేఖలో చెప్పడం లేదు. ప్రస్తుత అనుమతిలోని షరతు నం. ... ప్రకారం కుప్పలు కప్పి ఉంచాలి. ఫలానా తేదీల్లో కప్పి లేవు, ఫోటోలు జతచేశాము. దీనికి కంపెనీ వివరణ, సరిచేసే గడువు తేదీ మినిట్స్‌లో నమోదు చేయగలరు. మా భవనంపై నెల రోజుల డస్ట్‌ఫాల్ కొలత చేయించగలరు. ఆ ఫలితం వచ్చే వరకు అదనపు నిల్వకు అనుమతి సిఫార్సు చేయవద్దని కోరుతున్నాము."

డీజిల్ కోత సంగతి ఇందులో కలపకండి. మీకు చెప్పినాయన ఎవరో రెండు రోజుల్లో కనిపెట్టేస్తారు. దాని బదులు ట్యాంకరు లాగ్‌బుక్ చూపించమని అడగండి. నీళ్ళు కొట్టిన ప్రతి రౌండూ అందులో ఉండాలి, లేకపోతే లేదనే తెలుస్తుంది.

మైకు అక్కర్లేదు గానీ హియరింగ్‌కి వెళ్ళండి, చివరిదాకా కూర్చోండి. భోజనాల వేళకి అందరూ లేచిపోతారు, మినిట్స్ చదివేది అప్పుడే. మీ లెటర్ ప్రస్తావన అందులో రాకపోతే, స్టాంపు కాపీ చూపించి అక్కడే చేర్పించండి. ఎన్జీటీ, అంటే జాతీయ హరిత ట్రిబ్యునల్, సంగతి ఇప్పుడు వద్దు. అవసరం పడితే సదరన్ బెంచి చెన్నైలో ఉంది, నష్టపరిహారం అడగని దరఖాస్తుకి ఫీజు వెయ్యి రూపాయలు. సమస్య మొదలైనప్పటి నుంచి ఆరు నెలల గడువు ఉంటుంది కాబట్టి, మీరు ఇచ్చే ప్రతి కాగితం మీద తేదీ మాత్రం మర్చిపోకండి.